ఓబులొదిన చెప్పిన సినిమా

మొన్న మా కోడలు దుకాణం నుంచి వేరుశనగ గింజల పొట్లం తెచ్చి పళ్ళెంలో పోసింది. చిటికెడు దుమ్ము లేదు, ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసనా లేదు. నాకు మాత్రం నీళ్ళు చల్లి నానబెట్టిన కాయల మట్టివాసనే వచ్చింది. దాని వెంటే, డెబ్బై ఏళ్ళు గడిచినా చావని నా కుళ్ళుమోతుతనం కూడా లేచి కూర్చుంది.

మా ఊరు బేస్తవారిపేట పక్క. అప్పట్లో మేమంతా మద్రాసు రాష్ట్రంలో, కర్నూలు జిల్లా కింద ఉండేవాళ్ళం. ఎండాకాలం చివర, మొదటి వాన పడేలోపే విత్తనానికి శనక్కాయలు ఒలుచుకోవాలి గనక, మా నాయనమ్మ, అంటే మేం జేజి అని పిలిచే ఆవిడ, మధ్యాహ్నం సంకటి తినడాలయ్యాక వసారాలో గోనెపట్టలు పరిపించి ఇరుగుపొరుగు ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టేది. వడగాలి తలుపుసందుల్లోంచి కొడుతుంటే, తిన్న సంకటి మత్తు కళ్ళకెక్కుతుంటే, బొటనవేళ్ళు వాచిపోతుంటే, ఎవరో ఒకరు కథ చెప్పకపోతే పని సాగేది కాదు. కథ చెప్పేవాళ్ళు కాయ ముట్టుకోనక్కర్లేదు. వినేవాళ్ళే తలా ఒక దోసెడు గింజలు చెప్పేవాళ్ళ చేటలో పోయాలి. చేట నిండినవాళ్ళు జేజి పక్కన కూర్చుని మొదటి బెల్లం ముక్క తినేవాళ్ళు. నాకు బెల్లం కంటే జేజి పక్కన చోటు కావాలి.

ఆ చోటు ఓబులొదినది. మా మేనత్త కూతురు, నాకంటే రెండేళ్ళు పెద్ద, ప్రతి ఎండాకాలం మార్కాపురం నుంచి వచ్చేది. మామ రాతిపలకలు కోసే పనిలో ఉండడంతో దాని కనుబొమల మీద కూడా బూడిదరంగు పొడి ఉన్నట్టే కనిపించేది. వాళ్ళ పెరటిగోడ అవతలి బయల్లోనే టూరింగ్ టాకీసు డేరా వేసేవాళ్ళు. ఓ ఏడు ఆ డేరా ఒక నవ్వుల సినిమా మోసుకొచ్చింది. కొత్త అల్లుడు అత్తగారికి భయపడి గాదెలో దాక్కోవడం, అక్కణ్ణుంచి జారి మజ్జిగకుండ మీద పడడం, తెల్లగా తడిసిన వాణ్ణి పెరట్లో బర్రె వచ్చి నాకడం. బర్రె నాకేచోట వదిన తన చెంప తనే నాక్కోబోయేది. జేజి పళ్ళు లేని నోరంతా తెరిచి, కళ్ళు తుడుచుకుంటూ, "ఇంకోపారి చెప్పవే తల్లీ" అనేది. నా జేజి, మా వసారా, మా కాయలు. నవ్వు మాత్రం దానికి. నాకు ఒళ్ళు మండిపోయేది.

వదిన ఇంకా మా ఇంట్లో ఉండగానే, నాయన బండి కట్టుకుని మార్కాపురం పోతుంటే ఏడ్చి మొత్తుకుని వెంటపడ్డాను. అదృష్టం, అదే సినిమా మళ్ళీ వచ్చింది. తప్పెట కొడుతూ బండి మీద తిరిగే చాటింపు మనిషి, నవ్వి నవ్వి డొక్కలు పట్టుకుని ఇంటికి పోతారని అరుస్తున్నాడు. మొదటి ఆటకు నాయన పక్కన ఇసుకలో కూర్చుని ముందుగానే పొట్ట పట్టుకున్నాను. గాదె లేదు. బర్రె లేదు. అల్లుడు గడప తట్టుకుని పడ్డాడు, ఎక్కడో కనపడని చోట కుండ పగిలిన చప్పుడయింది, అంతే. మిగతా సగమంతా అందరూ మంచివాళ్ళయిపోయి ఒకరికొకరు క్షమాపణలు చెప్పుకోవడమే. నాయన కునుకు తీశాడు.

ఆట అయి అత్త వాళ్ళింటికొచ్చాక అత్తను అడిగాను, వదిన ఈ సినిమా ఎన్నిసార్లు చూసిందని.

"అదెప్పుడు చూసిందే? మీ మామ ఆడపిల్లను డేరాలోకి పోనిస్తాడా? పెరట్లో గోడకానుకోని ఇనేది, అంతే" అంది అత్త.

దొరికింది దొంగ అని ఎగిరి గంతేశాను. కానీ పడుకున్నాక ఇంకో కుళ్ళు మొదలైంది. నేను కళ్ళారా చూసినా నవ్వు రాలేదు. అది గోడ ఇవతల నిలబడి, చప్పుళ్ళు మాత్రం విని, అంత సినిమా కట్టేసింది.

ఊరికి రాగానే కథ నేను చెబుతానన్నాను. చూసింది చూసినట్టు చెప్పాను. ఎవరి పెదవీ కదల్లేదు.

"ఇంతేనా? నగేది యాడుందే దీంట్లో?" అంది జేజి.

నాకు ఉక్రోషం ముంచుకొచ్చింది. "ఒదిన సినిమా చూడనే లేదు! గోడెనక నిలబడి ఇనింది. బర్రె లేదు, గాదె లేదు, అన్నీ అబద్ధాలు!" అని అరిచాను.

ఒలిచే చేతులన్నీ ఆగిపోయాయి. జేజి దాన్ని తిడుతుందని, అది ఏడుస్తుందని ఆశగా చూశాను. వదిన తల దించుకోలేదు. చేట పక్కకు నెట్టి, మోకాళ్ళ మీద నా దగ్గరికి జరిగింది.

"అయితే నువ్వు చూసినావా మరదలా? ఆ కుండ యాడుండె? పడినప్పుడు వాని మొగం ఎట్లుండె? చెప్పవే, ఒక్కపారి చెప్పు."

అంత ఆకలి నేను ఎవరి కళ్ళలోనూ చూడలేదు. జీవితంలో మొదటిసారి దానికి లేనిదేదో నా దగ్గర ఉంది. "పోయి చూసుకోపో" అన్నాను.

వదిన మళ్ళీ ఆ కథ చెప్పలేదు. జేజి అడిగినా చెప్పలేదు. మరుసటేడు యర్రగొండపాలెం వైపు పెళ్ళి చేసి పంపారు. అక్కడ డేరా వచ్చిందో లేదో, వచ్చినా ఎవరైనా పోనిచ్చారో లేదో నేను అడగలేదు, అది చెప్పలేదు. ఇప్పుడు జేజి లేదు, వదిన లేదు, ఆ డేరా వేసిన బయల్లో ఇళ్ళు లేచాయి. ఆ సినిమా పేరు చెబితే గుర్తుపట్టేవాళ్ళు కూడా నాకు ఇంతవరకు తగల్లేదు.

చూసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అల్లుడు గడప తట్టుకున్నప్పుడు వాడి ముఖం ఎలా ఉందో గుర్తు చేసుకోవాలని ఎన్నిసార్లు కళ్ళు మూసుకున్నానో లెక్కలేదు. ప్రతిసారీ గాదె వస్తుంది, మజ్జిగ కారుతుంది, బర్రె వచ్చి వాడి చెంప నాకుతుంది. ఇప్పుడు ఓబులొదిన వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని అడిగినా, దానికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.