ఏ గుండు నాయినా?

ఈరోజు బుధవారం. మా ఎస్తేరు నిన్న ఉదయం ఆరున్నరకు పోయింది.

గ్రూపుల్లో అప్పుడే మూడు రకాల టైములు తిరుగుతున్నాయి. సరైనది చెప్పాలని రాస్తున్నాను.

మహబూబాబాద్ నుంచి వాళ్ల కోడలు ఫోన్ చేస్తే "ఏ ఎస్తేరు?" అన్నాను.

నాకు తెలిసిన ఎస్తేరు ఒక్కతే.

జనగామ హాస్టల్లో నా పక్క మంచం. నేను బచ్చన్నపేటలో టీచరునయ్యాను. తను పట్నంలో పెద్ద దవాఖానలో నర్సు. ముప్పై నాలుగేళ్లు క్యాజువాల్టీలోనే.

ఒకసారి తన డ్యూటీ అయ్యేదాకా అక్కడే బెంచీ మీద కూర్చున్నాను.

కాటారం వైపు నుంచి ఒకాయనను తెచ్చారు. కాలికి రక్తం తడిసిన తువ్వాల. ఏమైందంటే "గుండు తాకింది" అన్నాడు.

చీటీ రాసే ఆయన మన జనగామ మనిషే. మనకు గుండంటే బండరాయి కదా. "రాయి దెబ్బ" అని రాసి, కట్టు కట్టే లైన్లో కూర్చోబెట్టాడు.

ఎస్తేరు తువ్వాల విప్పి చూసింది.

"ఏ గుండు నాయినా? గుట్ట మీది గుండా, తుపాకిల గుండా?"

"రాయే అక్కా."

"రాయి గింత బొక్క పెట్టి లోపలికి పోతదా? నీకు కాలు కావాల్నా, కేసు భయం కావాల్నా?"

ఆయన తల దించుకున్నాడు. "అడవి పందులకు తీగ కట్టిండ్రు అక్కా. నేను సూడలే."

ఎక్స్‌రేలో గుండ్లు కనిపించాయి. వెంటనే ఆపరేషన్ చేశారు. కాలు దక్కింది.

"ఎట్ల గుర్తు పట్టినవే?" అని తర్వాత అడిగాను.

పట్నంలో తుపాకి దెబ్బలు ఎక్కువగా ఛాతీకి, పొట్టకు ఉంటాయట. మనిషి మనిషిని చూసి కాల్చినవి. మన అడవి పక్క ఊళ్లవి మోకాలి కిందే, పక్క నుంచి. తుపాకిని పంది ఎత్తుకు కట్టి, దారికి అడ్డంగా తీగ లాగుతారు కాబట్టి.

"దెబ్బ ఎత్తు సూస్తే ఊరు జెప్త" అంది.

మర్నాడు చీటీల కిటికీ దగ్గర కాగితం అంటించింది: "గుండు అంటే, ఏ గుండో అడగండి." అందులో రెండు తప్పులుంటే నేనే దిద్దాను.

డెబ్బై రెండేళ్లు. మంచాన పడలేదు. చాయ్ తాగి, కప్పు కడిగి పెట్టి పోయింది. నాకు దుఃఖం ఉంది, ఫిర్యాదు లేదు.

ఇక జరగాల్సినవి:

1. ఈ సాయంత్రం నాలుగింటికి మహబూబాబాద్‌లో భూస్థాపన. జనగామ వాళ్లు పదకొండు గంటల కల్లా స్టేషన్‌లో ఉండాలి. ఆలస్యంగా వచ్చి ఏడవొద్దు.

2. కాటారం వైపు చుట్టాలున్నవాళ్లు ఈరోజే ఫోన్ చేయండి. తీగలు, తుపాకులు తీసేయమనండి. పంది తిన్న చేను మళ్లీ వేసుకోవచ్చు.

3. ఎవరికైనా తగిలితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుని దవాఖానకు పరుగెత్తండి. అక్కడ ఉన్నదున్నట్టు చెప్పండి.

4. ఎస్తేరూ, నువ్వు నీ ప్రభువు దగ్గర హాయిగా పడుకో. డ్యూటీకని సగం నిద్రలో నిన్నిక ఎవరూ లేపరు.