తుప్పు మీద వీరభద్రరావుగారి ఫిర్యాదు

తనిఖీ కేంద్రం వారిచ్చిన కాగితాన్ని వీరభద్రరావుగారు మూడుసార్లు చదివారు. మొదటిసారి అర్థం కోసం, రెండోసారి అందులోని తప్పుల కోసం, మూడోసారి కోపం కోసం. డిక్కీ అడుగు రేకు తుప్పుపట్టి చిల్లులు పడిందనీ, బాగుచేయించి మళ్ళీ తీసుకువస్తే తప్ప కారు రోడ్డెక్కరాదనీ దాని సారాంశం.

తుప్పు! అదీ ఆయన కారుకు! ఓడలకు తుప్పు పట్టకుండా తీసుకోవలసిన జాగ్రత్తల మీద నియమావళి రాసిన మనిషి ఆయన. ఓడల కర్మాగారం కార్యాలయంలో ఆయన ఉద్యోగమంతా దానితోనే గడిచింది. 'ఉప్పు పీల్చుకున్న తేమ ఇనుముకు ప్రథమ శత్రువు' అన్నది ఆ నియమావళిలో మొదటి వాక్యం. దాని నకలు సింగపూరు ఆంగ్ మో కియో ఫ్లాట్‌లోని ఇనుప బీరువాలో నేటికీ భద్రంగా ఉంది. ఆ బీరువాలో లేని కాగితం లేదు. చెడిపోయి పారవేసిన మిక్సీ గ్యారంటీ కార్డు సైతం, మిక్సీ పోయినా తాను పోలేదన్నట్టు, అందులోనే కాపురముంటోంది.

సింగపూరులో కారుకు పదేళ్ళు నిండాయంటే మనిషికి నూరేళ్ళు నిండినట్టే. అయినా వీరభద్రరావుగారు సర్కారు పర్మిట్‌కు మళ్ళీ రుసుము కట్టి దానికి ఆయుష్షు పోయించారు. ఎందుకంటే రైలెక్కితే ఎవరో ఒక కుర్రవాడు లేచి సీటిస్తాడు. అది గౌరవమని లోకం అనుకుంటుంది. అది తన వయసు మీద వెలువడిన తీర్పని ఆయన అభిప్రాయం. కారులో స్టీరింగు ముందున్న సీటు మాత్రం ఎవరూ దయతలిచి ఇచ్చింది కాదు.

పుంగ్గోల్‌లోని తన ఇంటి నుంచి కూతురు శ్రీలేఖ ఫోను చేసింది.

"నాన్నా, కింద బస్సుంది, అవతల ఎమ్మార్టీ రైలుంది, వేలితో నొక్కితే టాక్సీ వస్తుంది. ఆ డబ్బా ఎందుకు నాన్నా ఇంకా? ఈసారి కూడా ఫెయిలైతే స్క్రాప్‌కి ఇచ్చేద్దాం. ఫైనల్."

"నోటిమాట చెల్లదు," అన్నారాయన. అని ఊరుకోక, రెండోసారి తప్పితే కారును తుక్కుకు అప్పగించెదనని కాగితం మీద తానే రాసి, సంతకం పెట్టి, భార్య కమలాదేవి చేత సాక్షి సంతకం చేయించి, కూతురికి ఫొటో పంపారు. పంపిన తరువాత, ఈ ఒప్పందంలో నష్టపోయే పక్షం తానొక్కడే అని ఆయనకు తోచింది.

ఇక దోషి ఎవరో తేలాలి. మొదటి అనుమానం కారు నిలిపే బహుళ అంతస్తుల కట్టడం మీదికి పోయింది. కప్పు కారుతోందేమోనని, కుండపోత వానలో కారు పక్కన గొడుగుతో నిలబడి కాపలా కాశారు. ఒక్క చుక్క రాలలేదు. ఎవరో ఆవిడ మాత్రం జాలిపడి, "అంకుల్, దారి తప్పారా?" అని అడిగింది. దాంతో అనుమానం తయారీదారుల మీదికి మళ్ళింది. నాసిరకం రేకు వాడినందుకు వారిని నిలదీస్తూ, తన నియమావళి నుంచి ఉదాహరణలతో, పదకొండు పుటల లేఖ రిజిస్టర్డ్ పోస్టులో వెళ్ళింది.

మరునాడు కారు సాయిబాబు షెడ్డుకు వెళ్ళింది. ఆంగ్ మో కియో పారిశ్రామికవాడలో షెడ్డు నడిపే సాయిబాబు తాతలనాడు మలయా వచ్చిన తెలుగువారి బిడ్డ. మాటల్లో తమిళం, మలయ్ సగం సగం కలిసి ఉంటాయి, చివర సింగపూరు 'లా' తోక తగులుతుంది, ధైర్యం మాత్రం పూర్తిగా తనదే.

"ఐయో అంకుల్! ఇది డిక్కీయా, ఇడ్లీ పాత్రా? అడుగంతా హబిస్!"

"హబిస్ అనగా?"

"అయిపోయింది అంకుల్, ఫినిష్! మీరు బీచ్ దగ్గర పార్క్ చేస్తారు, అంతే. చూస్తానే చెప్పేస్తాను నేను."

"నేను సముద్రం ఒడ్డుకు వెళ్ళి ఏళ్ళయిందయ్యా."

"అయితే సముద్రం గాలే మీ ఇంటికి వచ్చుంటది లా."

ఈ సిద్ధాంతాన్ని ఆయన ఖండించబోతుండగా సాయిబాబు స్టెప్నీ టైరు పైకెత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే రెండడుగులు వెనక్కి వేశాడు.

టైరు కింది గుంతలో ఎర్రగుడ్డ మూటలున్నాయి. పైనున్నది కొత్తది. దాని కిందివి రంగు వెలిసినవి. అట్టడుగువి తాము మూటలమన్న సంగతే మరిచి, తుప్పునీటిలో నాని ముద్దలైపోయాయి.

"నేను ముట్టను సామీ! ఎవరో మీకు చేతబడి చేశారు!"

వీరభద్రరావుగారు కొత్త మూట విప్పారు. రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు. విప్పినప్పుడే వేళ్ళకు తెలిసిపోయింది. ఆ ముడి కమలాదేవి ఆవకాయ జాడీకి వాసెన కట్టేటప్పుడు వేసే ముడి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడు స్టెప్నీ ఎత్తి చూడడు కదా!

ఇంటికి వచ్చి మూటను భోజనాల బల్ల మీద సాక్ష్యంగా ప్రవేశపెట్టారు.

"కమలా, ఇదేమిటి?"

"అయ్యో, తాకారా! దిష్టిమూట తాకకూడదండీ! ముందు కాళ్ళూ చేతులూ కడుక్కురండి."

ఆయన వెళ్ళి కడుక్కుని వచ్చారు. సగం వాదం ఆ నీళ్ళతోనే పోయింది.

"దిష్టులూ గిష్టులూ నా కారులో వద్దన్నానా, లేదా?"

"అద్దం ముందు నిమ్మకాయలు కట్టొద్దన్నారు. కట్టలేదు. స్టెప్నీ కింద వద్దని ఎప్పుడన్నారు?"

"పోనీ, కొత్తది పెట్టినప్పుడు పాతది తీయవచ్చు కదా!"

"దిష్టి పీల్చుకున్న మూటని ఎవరైనా ఇంట్లోకి తెచ్చుకుంటారా? ఏటా దసరాకి కొత్తది పెడతాను. పాతది దాని మానాన అది పడుంటుంది."

"ఉప్పు తేమను పీల్చుకొనును. ఆ తేమ ఇనుమును..."

"తెలుసండీ. మీ పుస్తకంలో మొదటి మాట అదేగా. అది ఓడల సంగతనుకున్నాను."

కమలాదేవి కాఫీ గ్లాసు ముందు పెట్టి, నెమ్మదిగా ఆఖరి బాణం వేసింది.

"కొన్నప్పటినుంచీ ఆ కారుకి చిన్న గీతయినా పడిందా? నామాట ఎందుకు, మీ ఫైలే చూడండి."

కాగితం మాట ఎత్తితే చూడకుండా ఉండలేని బలహీనత ఆయనది. బీరువా తీసి బీమా ఫైలు విప్పారు. ఏ ఏడాది పత్రం చూసినా ప్రమాదం లేదు, పరిహారం లేదు. ఇన్నేళ్ళు ఒక్క కాగితం పోకుండా దాచినది, చివరికి ఉప్పుమూటకు యోగ్యతాపత్రంగా పనికివచ్చింది! తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టయింది. ఆ పూటే తయారీదారులకు మరొక లేఖ రాశారు. 'కారణము ఆంతరంగికమైనదని విచారణలో తేలినందున మా ఫిర్యాదును ఉపసంహరించుకొనుచున్నాము.' అంతకుమించి ఒక్క ముక్క రాయలేదు. మరి సంసారం పరువొకటి ఉంది కదా.

సాయిబాబు కుళ్ళిన రేకు కోసి, కొత్త రేకు అతికి, పైన తారులాంటి నల్లరంగు దట్టంగా పూశాడు. వీరభద్రరావుగారు పక్కనే నిలబడి అంగుళం అంగుళం పర్యవేక్షించారు. రంగు ఆయన చొక్కాకు కూడా తగినంత అంటింది.

తనిఖీ ముందురోజు కమలాదేవి అంది, "నలుగురి కళ్ళూ పడే చోటికి వెళ్తోంది. ఉత్తినే పంపమంటారా?"

"ఉప్పు ఆ కారెక్కితే నేను దిగిపోతాను. ఇది తుదినిర్ణయం."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. తెల్లవారి మాత్రం చేతిసంచీ ఒడిలో పెట్టుకుని పక్కసీట్లో కూర్చుంది.

తనిఖీ కేంద్రం దగ్గర కార్లు బారులు తీరాయి. ముందున్న కారు వీరిదానికన్నా కొత్తది, నిగనిగలాడుతోంది. అది కాస్తా తప్పింది. దాని యజమాని నడుముమీద చేతులు పెట్టుకుని ఆకాశంకేసి చూస్తున్నాడు. వీరభద్రరావుగారికి తాను సంతకం పెట్టిన కాగితం కళ్ళముందు ఆడింది. రైల్లో లేచి సీటిచ్చే కుర్రవాడు కూడా కనిపించాడు.

"కమలా," అన్నారు లోగొంతుకతో.

"ఏంటండీ?"

"తెచ్చావా?"

"ఏమిటి?"

"అదే."

"అదే అంటే?"

"ఉప్పు!"

అద్దం దించి ఉన్నదన్న సంగతి ఆయన గమనించలేదు. పక్క వరుసలో ఇద్దరు తలలు తిప్పారు. కమలాదేవి సంచీలోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసింది. నాలుగువైపులా నొక్కి బిగించే మూత. లోపల ఎర్రమూట, మూటలో ఉప్పు పొడిపొడిగా గలగలలాడుతోంది.

"గాలి దూరదు, తేమ దూరదు. మీ పుస్తకం ప్రకారమే కొన్నాను," అంది.

వీరభద్రరావుగారు మూత నాలుగంచులూ నొక్కి పరీక్షించారు. తృప్తి కలిగిన మీదట డబ్బాను తన సీటు కింద స్వహస్తాలతో పెట్టి, కారు ముందుకు పోనిచ్చారు.

కారు గట్టెక్కింది. ఉత్తీర్ణతాపత్రం ఫొటో అందుకున్న శ్రీలేఖ నుంచి, "ఓకే లా నాన్నా. నెక్స్ట్ ఇయర్ చూద్దాం," అని జవాబు వచ్చింది. ఆయన దాన్ని కూడా ముద్రింపజేసి బీరువాలో పెట్టారు. తరువాత కమలాదేవి దగ్గర డబ్బా కొన్న రసీదు అడిగి తీసుకుని, ఏ ఫైలులో చేర్చాలా అని చాలాసేపు తటపటాయించి, చివరికి కారు విడిభాగాల ఫైలులో చేర్చారు.