రాజమ్మను లేపే కార్డు

తెలుగు సినిమాల్లో మా నానమ్మ రాజమ్మ చచ్చినంత బాగా ఇంతవరకు ఎవరూ చావలేదు. ముప్పై ఏళ్లలో నూట పన్నెండు శవాల వేషాలు. ముక్కు మీద ఈగ వాలినా, హీరో మీద పడి ఏడ్చినా, డైరెక్టర్ కట్ చెప్పేదాకా రెప్ప కదిలేది కాదు.

మోకాళ్లు అరిగాయని సినిమాలు మానేసి ఫిల్మ్ నగర్‌లో ఒక ప్లేస్కూల్లో ఆయాగా చేరింది. చావడానికి మోకాళ్లతో ఏం పని అని అడిగితే నా మీదికి చీపురు విసిరింది.

ఆ స్కూల్లో వైకల్యం ఉన్న పిల్లలూ లేని పిల్లలూ ఒకే గదిలో ఉంటారు. నాలుగేళ్ల ప్రణతికి మాటలు రావు. కావలసింది చూపించమని ఉదయశ్రీ టీచర్ బొమ్మల కార్డులిచ్చింది. కానీ ప్రణతి గ్లాసు వైపు చూస్తే చాలు, పక్కనుండే చింటు నీళ్లతో పరిగెత్తుకొచ్చేవాడు. ఇక కార్డుతో పనేముంది? శుక్రవారం వచ్చి చూస్తానని, అప్పటికీ ఇంతే అయితే మాన్పిస్తానని వాళ్లమ్మ భువన చెప్పేసింది.

"పిల్ల అడిగేదాంక మీరెవ్వరు ఆగుతలేరు మేడమ్. నేనాగుత," అని నానమ్మ చాప మీద చచ్చిపోయింది. లేచి నిలబడ్డ మనిషి బొమ్మ ఉన్న కార్డును ప్రణతి చూపిస్తేనే లేస్తుంది. ఇంకెవరూ దాన్ని ముట్టకూడదు.

సోమవారం చింటు చక్కిలిగిలి పెట్టాడు. మంగళవారం ఎవరో చెవిలో ఉప్మా పెట్టారు. గురువారం దాకా రోజూ బడి వదిలేవరకు నానమ్మ లేవలేదు. ప్రణతి కిలకిల నవ్వింది తప్ప కార్డు ముట్టలేదు.

శుక్రవారం భువన గుమ్మంలోనే అరిచింది. "అయ్యో, ఆయమ్మకి ఏమైందండీ?"

"ఏం కాలే ఆంటీ, చచ్చిపోయింది," అన్నాడు చింటు.

భువన అంబులెన్స్ కోసం ఫోన్ తీసింది. టీచర్ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఒక్క నిమిషం ఆగండి. మీ పాపను చూడండి."

ప్రణతి మెల్లగా వచ్చి, కార్డుతో నానమ్మ నుదుటి మీద ఫట్‌మని కొట్టింది. నానమ్మ లేచి కూర్చుంది. ప్రణతి ఆమెను వెనక్కి తోసి పడుకోబెట్టి మళ్లీ కొట్టింది. అలా పదకొండు సార్లు.

భువన చాప అంచున కూలబడి, కళ్లు తుడుచుకుంది. "సోమవారం కూడా పంపిస్తానండీ. ఆ కార్డు ఇంకోటి ఉందా? ఇంట్లో వాళ్ల నాన్నని లేపాలి."

"ఆ పిల్లకి నువ్వే నేర్పినవని కథ రాస్తున్న నానమ్మా," అన్నాను ఆ రాత్రి ఇంట్లో.

నానమ్మ నుదురు రుద్దుకుంది. "నేనేం నేర్పిన? నోర్మూసుకొని పండుకున్న. నువ్వు గూడ జర గట్ల నేర్చుకో."