పట్టుపురుగులకు జ్వరం పట్టీ

మొన్న నా చేతుల మీదుగా ఏం జరగబోయిందో వింటే మీరు టీ గ్లాసు కింద పెట్టేస్తారు!

మాది పరిగి పక్క పల్లె. పట్టుపురుగులు పెంచి, గూళ్లు హిందూపురం మార్కెట్‌కు వేస్తాం. ఈమధ్య నాకు మరుపు ఎక్కువైందని ఇంట్లోవాళ్లు పురుగుల షెడ్డు పని అప్పజెప్పడం మానేశారు. మొన్న మాత్రం పెనుకొండలో పెండ్లి. కొడుకూ కోడలూ ఇద్దరూ పోక తప్పదు. పురుగులేమో నేడో రేపో గూడు కట్టేలా ఉన్నాయి.

"ఆకు వేసినాం అత్తా. నువ్వు వేడి ఒకటి చూస్కో. ఇరవై అయిదు దగ్గర ఉండాల. మర్చిపోవు కదా?" అంది కోడలు పద్మ.

"నేనేమన్నా పసిపిల్లనా? పోండి!"

పైకి అలా అన్నాను గానీ లోపల భయమే. ఈ పూట తప్పు జరిగితే ఇక నన్ను షెడ్డు గడప తొక్కనివ్వరు.

వాళ్లు బస్సెక్కారు. షెడ్డులో థర్మామీటర్ చూద్దామంటే, కళ్లజోడు లేదు! యాడ పెట్టానో ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. ఫోన్ చేసి అడిగితే "అదో, అప్పుడే మరుపు మొదలు" అంటారు.

సరిగ్గా అప్పుడే నా చదువు గుర్తొచ్చింది. బడికి పోకపోయినా దొరికిందల్లా చదువుతాను. ద్రవ స్ఫటికాలని ఉంటాయి. నీళ్లలా పారతాయి, కానీ లోపల అణువులు వరుస తప్పవు. పురుగు కడుపులో పట్టు అలాంటి జిగురుగానే ఉండి, లాగే కొద్దీ దారమవుతుందట. నుదుటికి అంటించే జ్వరం పట్టీలోనూ ఆ జాతి పదార్థమే. వేడికి రంగు మారుతుంది. మనవరాలి పట్టీ ఇంట్లో ఉంది, అంకెలు పెద్దవి! పురుగూ పట్టీ చుట్టాలే కదా అని తెచ్చి, షెడ్డులో వేడి కోసం పెట్టిన కుంపటి పక్క గుంజకు అంటించాను.

నల్లగా ఉంది. ఒక్క అంకె వెలగలేదు. అయ్యో, ఇంత చలా! కుంపటి రాజేశాను. కిటికీలు మూశాను. అయినా నలుపే. ఇంకో దోసెడు బొగ్గులు వేశాను. నాకు చెమటలు కారిపోతున్నాయి. బీపీ అనుకున్నాను!

చివరికి ఒక అంకె పచ్చగా వెలిగింది. ప్రాణం లేచొచ్చి, నేనే పద్మకు ఫోన్ చేశాను.

"వేడి కుదిరింది! పచ్చగా వెలుగుతాండాది!"

"పచ్చగానా? ఎంత ఉండాది అత్తా?"

"ముప్పై అయిదు! నువ్వు చెప్పిందీ అంతే కదా!"

అవతల పెండ్లి మేళం మోగుతోంది. దాన్ని మించి ఒకటే కేక.

"అత్తా! కుంపటి బయట పెట్టు! కిటికీలు తెరువు! అది మనుషుల పట్టీ! ముప్పై అయిదుకు కింద దానికేమీ తెలీదు!"

ధర్మవరం చీరలు కావాల్సిన పురుగుల్ని వేపుడు చేస్తున్నానా! కుంపటి బయటికి ఈడ్చి, కిటికీలు తెరిచి తడి గోనెపట్టాలు కట్టి, దేవుళ్లందరినీ పిలిచాను.

పెండ్లి భోజనం కూడా చేయకుండా వచ్చేశారు ఇద్దరూ. పద్మ ఆకు వేసింది. పురుగులు తలలెత్తి ఉండిపోయాయి. ముట్టలేదు. కాసేపటికి ఒకటి కొరికింది. దాని పక్కది. ఇంకాసేపటికి షెడ్డంతా కరకర! పట్టీ కుంపటి పక్కన ఉండబట్టి అంత చూపించింది గానీ, పురుగుల తట్టల దగ్గర అంత వేడి చేరలేదట. పట్టీ ఎందుకు అంటించానో, ద్రవ స్ఫటికాల సంగతంతా వాళ్లకు చెప్పాను.

"ఏమమ్మా, అంతా మర్చిపోతాండా అంటావే, ఇదంతా ఎట్ల గుర్తుండాది?" అన్నాడు కొడుకు.

పద్మ చెమట తుడుచుకుని నా చేయి పట్టుకుంది. "అత్తా, షెడ్డు నీదే, మళ్లీ నీకే అప్పజెప్తాం. ఏమన్నా మర్చిపో, పర్వాలేదు. చదివింది మాత్రం గుర్తు చేసుకోవద్దు!"