తోలుపట్టా మీద సంతకం

ఆదివారం వస్తే నాకు ఏడుపొచ్చేది. వారమంతా బడిలో పిల్లల మీద అరిచి గొంతు పోగొట్టుకున్నదాన్ని, ఆ ఒక్క పూటా నడుం వాలుద్దామనుకునేసరికి నాన్న ట్రంకుపెట్టె నా ముందుకు జరిపేవాడు.

"ఎండొచ్చినాది అమ్మా. పెసిడెంట్లని బయటెట్టు."

పెసిడెంట్లంటే అమెరికా తొలినాటి అధ్యక్షుల సంతకాలు. పోర్ట్ బ్లెయిర్ డెలానీపూర్ పేటలో మా గవర్నమెంటు క్వార్టర్సు ఏడాదిలో సగానికి పైగా వానలో నానుతూనే ఉండేది. కాగితం బూజు పట్టడానికి రెండు రోజులు చాలు. అందుకని ఎండ మొహం చూపించగానే వాటిని చాప మీద పరిచి, పక్కనే నేను కాపలా కూర్చోవాలి. అవతలి చాప మీద అమ్మ ఎండుచేపలు. కాకుల్ని తోలడం రెండింటికీ కలిపి నా పనే. అమెరికా అధ్యక్షులందరికీ మా ఇంట్లో నెత్తళ్ళ వాసన పట్టింది.

తాత సిక్కోలు తీరం నుంచి వలతో వచ్చినవాడు. నాన్న వల వదిలి పోర్ట్ బ్లెయిర్‌లో భూముల ఆఫీసులో గుమస్తా అయ్యాడు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, వలస వచ్చినవాళ్ళకి అడవి కొట్టి భూములు పంచుతున్న రోజులవి. సాటి గుమస్తాలు సాయంత్రాలు పేకాడుకుంటే, ఈయన గవ్వలు ఏరి అమెరికాలో ఒక ముసలి మేష్టారికి ఓడ టపాలో పంపేవాడు. ఆయన బదులుగా సంతకాలు పంపేవాడు, చాలావరకు అచ్చువేసిన నకళ్ళే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదో దారి అని అమ్మ విసుక్కునేది.

నకలు కానిది ఒక్కటే. పలచటి తోలు మీద రాసిన భూమి పట్టా, ఎవరో రైతుకి ఏడో అధ్యక్షుడి పేర ఇచ్చింది. అడుగున పెద్ద సంతకం. దాని కింది అంచు చిరిగిపోయి ఉంది. రిటైరయ్యాక, కళ్ళకు శుక్లాలు కమ్ముతున్నా, నాన్న భూతద్దం పట్టుకుని ఆ సంతకాన్నే చూసేవాడు.

"సొంత పేరు ఎవుడూ ఇంత సుబ్బరంగా రాయడమ్మా. ఇది ఆయన సేత్తో ఎట్టిందేనా? అది తెలిస్తే సాలు నాకు."

రోజూ ఇదే పాట. అసలైనదని తేలితే ఎంత పలుకుతుందో తెలుసుకోవాలని కాబోలు అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, సిగ్గేసింది కూడా. ఎందుకంటే చౌల్దారీ అనే పల్లెలో ఒక వలస కుటుంబం, తమకు పట్టా ఇప్పించిన బాబని, ఏటా అరటిగెల తెచ్చి ఇచ్చేది. నాన్న ఒక్క పండు ముట్టేవాడు కాదు. లంచం వాసన కూడా గిట్టని మనిషని మేం నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాళ్ళం. అలాంటి మనిషికి ముసలితనంలో ఈ ఆశేమిటి?

పోరు పడలేక ఆ పట్టాను ఫోటో తీయించి, అమెరికాలో ఒక గ్రంథాలయానికి ఉత్తరం రాశాను. ఏడాది కావస్తుండగా జవాబొచ్చింది. అప్పటికి నాన్న మంచం పట్టాడు.

వాకిట్లోనే చదివేశాను. సంతకం అధ్యక్షుడిది కాదు. పట్టాలు కుప్పలుగా పేరుకుపోతే, చట్టం చేసి, ఆ పని కోసమే ఒక కార్యదర్శిని పెట్టారట. అధ్యక్షుడి పేరు అతనే రాసేవాడట. ఆ కింద తన పేరు కూడా రాసేవాడట, మా పట్టాలో చిరిగిపోయింది ఆ ముక్కేనట. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. అసలుదేనని అబద్ధం చెబుదామా అనిపించింది. అబద్ధం ఆడే ఓపిక కూడా లేకపోయింది. వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

కుంగిపోతాడనుకున్న మనిషి మంచం మీద లేచి కూర్చున్నాడు.

"గుమస్తా ఎట్టినాడా? మరి ఆ పట్టా సెల్లినాదా?"

"చెల్లింది నాన్నా. చట్టమే ఒప్పుకుందట."

"కింద తన పేరు రాసుకునీవోడా?"

"రాసేవాడట."

నాన్న గోడవైపు తిరిగాడు.

"నాను రాయనేదమ్మా."

నాకేమీ అర్థం కాలేదు. గోడవైపు చూస్తూ ఆయనే చెప్పాడు.

"సాబ్ బదిలీ అయిపోయి జహాజ్ ఎక్కేసినాడు. అందరి కాగితాల మీదా సంతకాలైనాయి. సౌల్దారీది ఒకటి నా ఫైళ్ళ కిందే ఉండిపోనాది. తప్పు నాదే. కొత్త సాబ్ వచ్చీది వానలెల్లినాక. సంతకం నేకపోతే ఆలకి బూమి నేదు, ఎడ్లు నేవు, ఆ ఏడు గింజ నేదు. సాబ్ సంతకం రోజూ సూసీవోణ్ణే. ఎట్టేసినాను. ఇప్పటికీ ఆలకి ఉన్నది ఆ కాగితమే. ఎవుడైనా పట్టుకున్నాడంటే, ఆల ఇల్లు పోద్ది."

ఇన్నేళ్ళూ ఆయన భూతద్దంలో ఏం వెతికాడో అప్పటికి తెలిసింది. తనలాంటివాడు ఇంకొకడున్నాడేమోనని చూసుకున్నాడు. ఉన్నాడు, కానీ వాడి వెనక చట్టం ఉంది. మా నాన్న వెనక ఎవరూ లేరు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, జాలీ వచ్చింది. రెండూ పడలేక లేచి వెళ్ళి పెట్టె మూసేశాను.

ఆ వానల్లోనే నాన్న పోయాడు. వానలు వెలిశాక చౌల్దారీ నుంచి ఆ ఇంటి కొడుకు గెల మోసుకొచ్చాడు. నాన్న ఫోటోకు దండం పెట్టి, ఆ భూమిలో పక్కా ఇల్లు మొదలెట్టామన్నాడు.

"సబ్ బాబూజీ కీ మెహర్బానీ, దీదీ."

అంతా నాన్న దయేనట. తలూపాను. టీ ఇచ్చి పంపాను. నాలుగు రోజులకు గెల పండింది. ఒక పండు తెంచి, తొక్క వలిచి, నోటిదాకా తెచ్చాను. తినలేకపోయాను.