నాయినమ్మ దాచిన ఆలుగడ్డ గింజలు

తార్నాకలో మా ఫ్లాటు వంటింట్లో, సింకు కింది బుట్టలోంచి నాలుగు రోజులుగా మట్టివాసన లాంటిదేదో వస్తోంది. ఆఫీసు నుంచి వచ్చి, భుజాన బ్యాగు కూడా దించకుండా వంగి చూస్తే, ఎప్పుడో కొని మరిచిపోయిన ఆలుగడ్డలు మెత్తబడి తెల్లటి మొలకలు వేసి ఉన్నాయి. తీసి పారేయాలి. ఆ మాత్రం పనికి కూడా ఒంట్లో ఓపిక ఉండడం లేదు ఈమధ్య. గోడకు ఆనుకుని అక్కడే కూర్చుండిపోయాను.

మా బాపు యూనివర్సిటీలో మాలి. క్యాంపస్‌లో హాస్టళ్ళు దాటాక ఉండే రేకుల క్వార్టర్లలో పెరిగాను నేను. పగలంతా డిపార్ట్‌మెంటు పూలకు నీళ్ళు పోసి వచ్చిన మనిషి, సాయంత్రం మళ్ళీ మా పెరట్లో కూరమళ్ళ మధ్యే కూర్చునేవాడు. చలికాలం వచ్చిందంటే మంచుకు తడిసిన కొత్తిమీర వాసన, నీళ్ళపొయ్యి పొగ, అమ్మ జొన్నరొట్టెలు చరిచే చప్పుడు, అప్పుడే తవ్విన లేత ఆలుగడ్డలను తొక్కతోనే ఎల్లిగడ్డ కారం వేసి వేయించిన కూర. నీలగిరి చెట్ల కింద కచ్చకాయలాడి, ఎర్రమట్టి చేతులతోనే పళ్ళెం ముందు కూర్చుంటే నాయినమ్మ చెవి మెలిపెట్టేది.

ఆలుగడ్డకు పూలు రావడం, రాలిపోవడం, అంతే మా దగ్గర. ఒక ఏడు మాత్రం ఒకే ఒక మొక్కకు పచ్చి టమాటల్లాంటి చిన్న కాయలు నిలిచాయి. అవి విషమని, ముట్టుకుంటే వీపు విమానం మోత మోగుతుందని మమ్మల్ని బెదిరించి, బాపు పొద్దునా సాయంత్రం వాటినే చూసుకునేవాడు. గడ్డ పాతితే పాత మొక్కే మళ్ళీ వస్తుందట, గింజ వేస్తే మాత్రం ఏ రెండు మొక్కలూ ఒక్క తీరుగా ఉండవట.

"గీ గింజలల్ల ఒక్కటన్న మన ఎండకు తట్టుకుంటది బిడ్డా. గది మనింటి గడ్డయితది," అనేవాడు. ఇంకొకళ్ళ తోటలకు చాకిరీ చేసిన మనిషి, తనదంటూ ఒక మొక్క కావాలనుకున్నాడు. అంతకు మించి ఆయన ఏదీ కోరుకోగా నేను చూడలేదు.

శివరాత్రి నాటికి కాయలు మెత్తబడ్డాయి. నాయినమ్మ వాటిని పిసికి, ముంతలో నీళ్ళు పోసి మూడు రోజులు పులియబెట్టి, ఇల్లంతా కంపు కొట్టాక కడిగి, నువ్వుల కన్నా చిన్నవైన ఆ గింజల్ని చీరపేలిక మీద ఆరబోసింది. బాపు పొట్లం కడతానంటే వినలేదు.

"కాయిదంల పెడితే చీమలు తింటయ్ రా. ఇన్నేండ్లు బీరగింజలు, సోరగింజలు నేనెట్ల దాసిన?" అంది. గింజల్ని బూడిదలో కలిపి, పేలికలో మూటగట్టి, పేడముద్ద నడుమ పెట్టి పిడకగా గోడకు చరిచింది. ఎండాక తెచ్చి వంటింటి గూట్లో పెట్టింది.

బోనాల నెలలో ముసురు పట్టింది. కట్టెలు తడిశాయి, బయటి పిడకలు ముద్దయ్యాయి. ఆ పొద్దున అమ్మ జ్వరంతో పడుకుంది, బాపు డ్యూటీకి పోయాడు, నాయినమ్మ పాలకని తార్నాక చౌరస్తా దాకా పోయింది. నాకు బడికి ఆలస్యమవుతోంది, వేడినీళ్ళు కావాలి. పొడిగా ఉన్నది గూట్లోని పిడక ఒక్కటే. దాంట్లో ఏముందో నాకు బాగా తెలుసు. అంచు మాత్రం విరుద్దామనుకున్నాను. అది చాలక ఇంకాస్త విరుస్తుంటే మిగిలింది చేజారి మంటలో పడింది. కట్టెతో లాగేసరికి మూట మాడి బూడిదైంది. ముసురు తగ్గాక ఇంకో ఎండిన పిడక తెచ్చి ఆ గూట్లో పెట్టాను.

దసరా వెళ్ళాక బాపు మడి తయారు చేసుకుని నాయినమ్మ ముందు కూర్చున్నాడు. ఆమె పిడక పగలగొట్టింది. ముక్కలు చేసింది, పొడి చేసింది, ఆ పొడిని రెండు చేతులతో మళ్ళీ మళ్ళీ వెతికింది.

"వేరేదాన్ని గూట్ల పెట్టిన్నేమో రా. అసలుది పొయ్యిల పోయినట్టున్నది. నాకు సోయి తప్పుతున్నది కొడుకా," అంది.

"పోనీలే అవ్వా," అని బాపు లేచిపోయి ఆ మడిలో మెంతులు చల్లాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు మెదపలేదు.

ఆ తర్వాత నాయినమ్మ ఒక్క విత్తనమూ దాచలేదు. బీరగింజలు చేతిలో పెడితే "నాతోని కాదు, మరుస్త," అని అమ్మకిచ్చేది. ఇంటి తాళంచెవి కూడా దగ్గర ఉంచుకునేది కాదు. పోయేదాకా ఆమెకు చుట్టాలందరి పేర్లూ, ఎవరు ఏ పండుగ ముందు పుట్టారో కూడా గుర్తే. తన మీద తనకే నమ్మకం లేకుండా పోయింది.

ఆ క్వార్టర్లు కూలగొట్టారు. మా పెరడున్న చోట ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. బాల్కనీలో నా నాలుగు కుండీలకు విత్తనాలు ఫోన్లో ఆర్డరిస్తే ఇంటికొస్తాయి. దాచడం తెలిసిన చెయ్యి మా ఇంట్లో లేదు.

రిటైరయ్యాక బాపు నా దగ్గరే ఉంటున్నాడు. వంటింట్లో నేల మీద కూర్చున్న నన్ను చూసి, "ఏమైందే?" అన్నాడు. ఇన్నేళ్ళు మోసి అలసిపోయాను, ఆ పిడక సంగతి చెప్పేశాను.

బాపు వంగి, బుట్టలోని మొలకలేసిన ఆలుగడ్డల్ని ఒక్కొక్కటిగా ఏరి పక్కన పెట్టాడు.

"గింజలదేమున్నది బిడ్డా," అన్నాడు చివరికి. "అవ్వకు చెప్పాల్సుండె."