పుస్తకంలో లేని సీను

మా ఆయన నాకు మేనమామ కొడుకు. పెళ్లికి ముందూ, పెళ్లయ్యాకా కూడా బావ అనే పిలుస్తాను. పోర్టులో క్రేన్ నడుపుతాడు. మల్కాపురంలో ఉంటాం. ఆదివారం పూర్ణా మార్కెట్ నుంచి చేపలు తెచ్చి, పెరట్లో కత్తిపీట ముందేసుకుని కూర్చుంటాడు. నేను గడప మీద కూర్చుని డిటెక్టివ్ నవల చదివి వినిపిస్తాను. ఆయనకి చదవడం వచ్చు గానీ అంత ఓపిక లేదు. కథ మంచి పట్టు మీదుంటే చేతిలో చేప చేతిలోనే ఉండిపోతుంది.

ఏ నవలనైనా సినిమాగా తీస్తున్నారని తెలిస్తే ముందు పుస్తకం పూర్తి చెయ్యాలి, తర్వాత ఇద్దరం కలిసే వెళ్లాలి. ఈ నియమం పెట్టింది నేను కాదు, ఆయనే.

పోయినేడాది వన్ టౌన్‌లో పాత పుస్తకాలమ్మే ముసలి భాయ్ ఒక నవల నా చేతిలో పెట్టి, "సినిమా వొచ్చేస్తంది బేటీ, బేగి సదివేయండి" అన్నాడు. ఒక లాంచీ ఓనరు హత్య కథ. చంపింది సొంత తమ్ముడే. వాళ్ల తల్లికి చూపు లేదు. చచ్చిపోయిన కొడుకు చొక్కాని వాసన చూసి గుర్తుపడుతుంది. ఆ పేజీ దగ్గర చదవడం ఆపేసి కళ్లు తుడుచుకున్నాను. బావ కూడా చేతులు కడుక్కుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

పుస్తకం అయ్యేసరికి సినిమా వచ్చింది. షిఫ్టులు కుదరడం లేదని బావ అంటే ఇంకో పది రోజులు ఆగాను. పక్కింటావిడ కథ చెప్పబోతే చెవులు మూసుకున్నాను.

చివరికి మ్యాట్నీకి వెళ్లాం. ఇంటర్వెల్‌లో టీ తాగుతూ బావ మెల్లగా అన్నాడు.

"కథ మార్చీసినట్టున్నారే. ఆ తల్లి మీద ఓ కన్నేసుంచు."

"సాల్లే బావా. కన్నకొడుకుని తల్లెందుకు సంపుతాది?"

"సూడు మరి."

సెకండాఫ్ మొదలైన కాసేపటికే, గుడ్డిదనుకున్న ఆ తల్లి నేల మీద పడున్న తాళంచెవి చూసి తీసి కొంగున కట్టుకుంది. నేను ఆయన చెయ్యి నొక్కి, "నువ్వు మామూలోడివి కాదు బావా" అన్నాను. ఆయన నవ్వాడు.

తర్వాత ఆమె చేపల ఐసు గదిలోకి నడిచింది. తెర మీద తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు. ఉలిక్కిపడేంత చప్పుడు కూడా లేదు. బావ మొహం పక్కకి తిప్పి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చేపల సంగతి వేరు, మనిషి రక్తం చూడలేడు. అప్పుడు దూసింది ఆమె కత్తి. హాలంతా కెవ్వుమంది.

నేను తెర వదిలేసి బావ మొహం కేసి చూశాను. ఆ సీను పుస్తకంలో లేదు.

బయట బండి తీస్తుంటే అడిగాను.

"ఎప్పుడు సూసీసావ్ బావా?"

"ఏటి?"

"సినిమా."

తాళంచెవి తిప్పబోయి ఆగిపోయాడు. "మొదటి వారమేనే. షిఫ్టోళ్లు లాక్కెళ్లిపోయారు. నీకు సెప్తే బాధపడతావని సెప్పలేదు."

"మరి ఇంటర్వెల్లో అలాగెందుకన్నావ్?"

"ఊరికే, సరదాకి."

స్నేహితులతో వెళ్లినందుకు కాదు నా బాధ. ఏమీ తెలియనట్టు పక్కన కూర్చుని, నా చేత మెచ్చుకోలు కూడా పుచ్చుకున్నాడు. ఆ తల్లిని హంతకురాలిని చేసిన సినిమావాళ్ల మీద కోపం రెండు రోజుల్లో పోయింది. ఇది పోలేదు.

తర్వాతి ఆదివారం కొత్త నవల తెరిచి మనసులోనే చదువుకున్నాను. బావ చేపలు తోముతూ రెండుసార్లు నా వైపు చూశాడు.

"గట్టిగా సదవ్వేటే?"

"సినిమా వొత్తాది. సూసుకో."

మూడు వారాలు అలాగే గడిచాయి. నాలుగో వారం కత్తిపీట పక్కన పెట్టి, "తప్పైపోయిందే. నాను అలా సెయ్యకుండా ఉండాల్సింది" అన్నాడు. నేను పుస్తకం మొదటి పేజీకి తిప్పి మళ్లీ గట్టిగా చదవడం మొదలుపెట్టాను.

ఇప్పుడూ కలిసే వెళ్తాం సినిమాలకి. కాకపోతే నేను తెర సగం, ఆయన మొహం సగం చూస్తుంటాను.